ఎర్ర ముడి

సూరత్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసులో నేను బిల్లుల గుమాస్తాగా ఉన్నప్పుడు, ఊరి అంచున ఉన్న భేస్తాన్ నుంచి ఒక మగ్గాల యజమాని వచ్చేవాడు. కరీంనగర్ వైపు మనిషి. నాలుగు పవర్‌లూమ్‌లు నడిపేవాడు. మాకు కర్టెన్ల బట్ట నేసిచ్చాడు.

చిన్న పరిశ్రమల బిల్లులు నలభై ఐదు రోజుల్లో చెల్లించాలన్న చట్టం అప్పుడే వచ్చింది. మేమెవరమూ చదవలేదు. ఆయన మాత్రం ఎవరిచేతో చదివించుకుని విన్నాడు.

సరుకు దించిన రోజు నుంచీ ఆయన జేబులో ఒక దారప్పోగు ఉండేది. రోజుకో ముడి వేసేవాడు. పదిహేనో ముడికి మాత్రం ఎర్రదారం కలిపాడు. వచ్చినప్పుడల్లా దాన్ని నా బల్ల మీద పొడుగ్గా పరిచి, తాపీగా కూర్చునేవాడు.

నలభై ఆరో రోజు వచ్చి, "పగార్ ఇయ్యక మగ్గాలు నడిపే కారిగర్లు పనికొస్తలేరు సారూ" అన్నాడు.

"సరుకు తనిఖీ ఇంకా కాలేదండీ" అన్నాను. మా ఆఫీసులో అందరికీ చెప్పే మాటే.

ఆయన ఎర్ర ముడి మీద వేలు పెట్టాడు. "బట్టల తప్పుంటే పదిహేను దినాలల్ల రాసియ్యాలె. రాయకుంటే తీసుకున్నట్టే. కానూన్ల గిట్లనే ఉన్నది." తర్వాత నవ్వాడు. "జర మీ ఎనుక కిటికీ చూడున్రి."

నా వీపుకు ఎండ తగలకుండా ఆయన నేసిన కర్టెనే వేలాడుతోంది. దగ్గరుండి కట్టించుకున్నది నేనే.

ఆ సాయంత్రమే చెక్కు సంతకమైంది. ఆయన పోగును జేబులో పెట్టుకోలేదు. నా పెన్నుల డబ్బాకు చుట్టి, విడిపోకుండా ముడేశాడు.

"మీకాడనే ఉండనియ్యున్రి సారూ. నా అసొంటోళ్లు ఇంకా మస్తుమంది వస్తరు."