చేతులు ఆగిన పాట

నా చదువు రెండో తరగతితో ఆగిపోయింది. సంతకం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, అంతే. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది.

నా గొంతు గరుకండీ. చిన్నప్పుడు చర్చిలో అందరం కలిసి పాడుతుంటే పాస్టరు గారి భార్య నన్ను వెనక వరసలోకి పంపించి, చేతికి గంజీర ఇచ్చి, "నువ్వు ఇది వాయించమ్మా, నోరు కాస్త తక్కువ తెరువు" అన్నారు. అదే గొంతు విని మా ఆయన నన్ను చేసుకున్నారు. ఆదివారం చర్చిలో డోలకు వాయించేవారు, మిగతా రోజుల్లో పాటల పార్టీలో డ్రమ్ముల్లా మోగే కరెంటు ప్యాడ్లు వాయించేవారు. పెళ్ళయిన ఏడాదికే నన్ను మైకు ముందు నిలబెట్టేరు.

మాకు సొంత పాటలు లేవు. ఎవరో ఎప్పుడో సినిమాల్లో పాడిన పాటలే మేమూ పాడతాం. అంచేత ఏ పాట ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్నదే మా పనంతా. మొదటి పాట దేవుడిది. మురమళ్ళ వైపు హిందువుల పెళ్ళయితే వినాయకుడి పాట, మా వాళ్ళ పెళ్ళయితే ప్రార్థన పాట. తరవాత పెద్దవాళ్ళ కోసం పాత పాట ఒకటి, అది మా పార్టీలో సన్న గొంతు ఆవిడ పాడేది. మూడోది నాది. నేను అందుకునేసరికి జనం ఆడ్డానికి లేచి కుర్చీలు వెనక్కి జరపాలి, అదీ లెక్క. తాటిపాకలో గ్యాస్ కంపెనీ వాళ్ళ కాలనీలో పాడితే మాత్రం కష్టం. ఆఫీసర్లు చేతులు కట్టుకుని కూర్చునేవారు. ఆ చేతులు విప్పించడానికి నాకు మూడు పాటలు పట్టేది.

రిహార్సలు కొబ్బరికాయల కళ్ళంలో చేసేవాళ్ళం. అమలాపురం నుంచి మురమళ్ళ వెళ్ళేదారిలో మా దూరపు చుట్టానికి ఓ షెడ్డు ఉంది. పక్కనే ఆరుగురు మనుషులు నేలలో పాతిన గునపాల మీద కాయలు గుచ్చి పైనున్న పీచు డొక్క ఒలుస్తూ ఉంటారు. వాళ్ళని చూసి మా ఆయన ఓ రూలు పెట్టేరు. కొత్త పాట వాయించినప్పుడు వాళ్ళ చెయ్యి మన తాళం దెబ్బకి కలిస్తే ఆ పాట లిస్టులోకి. పాట మీంచి వాళ్ళు కబుర్లు చెప్పుకుంటే ఆ పాట బయటికి. అంతకన్నా పెద్ద పరీక్ష లేదనేవారు ఆయన.

నా పాటలకి ఆ చేతులు ఎలా ఆడేవో! గునపం మీద కాయ పడటం, డొక్క విరగటం, అన్నీ దెబ్బలోనే. ఒకాయన అరిచేవాడు: "అక్కా, కాస్త నెమ్మదండీ! ఈ పాటకి కాయ కాదు, నా నడుం ఒలిచేస్తన్నారు!"

"నీ నడుంలో ఏవుందిరా, పీచే కదా!" అనేదాన్ని మైకులోంచే.

అందరికీ నవ్వు. మా ఆయన ప్యాడ్ల వెనకాల కూర్చుని తల ఊపుతా చూసేవారు.

ఆయనకీ ఓ పాట ఉండేది. ఎవరూ పెద్దగా పాడని పాత పాట, నిదానంగా సాగేది. రిహార్సలు అయిపోయాక, నేను టీ పోసుకోడానికి లేచినప్పుడు, ప్యాడ్లు పక్కకి జరిపి కూర్చున్న చోటే పాడేవారు. కీబోర్డు మాస్టారు రెండు వేళ్ళతో వెనకాల పట్టేవారు. ఆయన గొంతు చిన్నది. పైకి వెళ్ళలేక కిందకే తెచ్చుకుని పాడేవారు. రెండో చరణం ముందు కాసేపు ఆగేవారు, మరిచిపోయినట్టు. మరిచిపోవడం కాదు, అలా ఆగడమే ఆయన అలవాటు.

ఆయన పాడుతుంటే ఆరుగురి చేతులూ ఆగిపోయేవి.

ప్రోగ్రాంకి ముందు లిస్టు రాయడం ఆయన పని. నోటుబుక్కులో ఒక్కో పాటా రాసి పైకి చదివేవారు. ముందు నిలబడి పాడేది నేను గనక పెన్సిలు నా చేతిలో ఉండేది. వద్దన్నదాని మీద గీత కొట్టేదాన్ని. ఆఖరి వరసలో ఎప్పుడూ ఆయన పాట రాసేవారు.

"ఏమే, ఇది ఈసారి వేద్దామా? ఒక్కటేగా."

"చేతులు ఆగిపోతన్నాయి కదండీ. రూలు పెట్టింది మీరే. మీ పాటకి జనం లేచి భోజనాలకి పోతారు. పెళ్ళికొడుకు కూడా లేచిపోతాడు."

మాస్టారు నవ్వేవారు, అందరూ నవ్వేవారు. ఆయనా నవ్వేవారు. "ఆయ్" అనేవారు. నేను గీత కొట్టేదాన్ని. అలా ఎన్ని ఏళ్ళో నేను లెక్కపెట్టలేదు.

ఆయన మూడేళ్ళ కిందట పోయేరు. గుండెపోటు. పొద్దున్న టిఫిను తిని, వ్యాన్‌లో స్పీకర్లు సర్దించి, గట్టు మీద కూర్చున్నారు, మరి లేవలేదు. ఆరు నెలలు నేను పార్టీ వంక చూడలేదు. తరవాత ఉప్పలగుప్తంలో రొయ్యల చెరువుల వాళ్ళ పెళ్ళి వచ్చింది, మాస్టారు ఇంటికొచ్చి బతిమాలేరు. ప్యాడ్లకి కొత్త మనిషిని పెట్టి మళ్ళీ కళ్ళంలో రిహార్సలు మొదలెట్టేం.

ఆ రోజు టీ తాగుతుంటే ఆ ఒలిచేవాళ్ళలో పెద్దాయన నా దగ్గరకొచ్చి తువ్వాలు చేతుల్లో నలుపుతా నిలబడ్డాడు.

"అమ్మా, అయ్యగారి పాట ఇంక ఎవరూ పాడరాండీ?"

"ఏ పాటయ్యా?"

"అదేనండీ, ఆఖర్న పాడేవారు. మేం చేతులాపి వినేవాళ్ళం."

"మీకు నచ్చక ఆపేవారనుకున్నాను."

పెద్దాయన నా వంక అదోలా చూసేడు. "నచ్చకపోతే ఎందుకాపుతామండీ? కాయకి ఇంత అని ఒలిచేవాళ్ళం. చెయ్యి ఆగితే మా కూలే పోద్ది. మీ పాటలకి ఒలుచుకుంటా విన్నాం. ఆయన పాటకి ఒలవలేకపోయేవాళ్ళం."

టీ గ్లాసు కింద పెట్టేసేను. ఇన్నేళ్ళూ కాయకూలికి పనిచేసే మనుషుల పక్కనే ఉన్నాను. ఆ మాత్రం ఆలోచన నాకు రాలేదు. మరి మా ఆయనకి వచ్చిందా? వచ్చే ఉంటుంది. వస్తే ఎందుకు చెప్పలేదు? నన్ను నలుగురిలో తప్పు పట్టడం ఇష్టం లేక, "ఆయ్" అని ఊరుకున్నారేమో. నాకు తెలీదు. అడగడానికి ఆయన లేరు.

ఇంటికొచ్చి నోటుబుక్కు తీసేను. నాకు చదవడం రాదు గానీ నేను కొట్టిన గీత నాకు తెలుసు. నా గీత వంకరగా, గట్టిగా ఉంటుంది, కాయితం చిరిగేంత. ఒక్కో పేజీ తిప్పేను. ఆఖరి వరస మీద గీత. మళ్ళీ పేజీ, మళ్ళీ గీత. చివరి పేజీకి వచ్చేను, ఆయన పోయే ముందు ప్రోగ్రాంది. దాని మీద ఒక్క గీతా లేదు. నా ప్రాణం లేచొచ్చింది, ఒక్కసారైనా ఉంచేనేమో అని. చెల్లెలి కూతుర్ని పిలిచి ఆఖరి వరస చదవమన్నాను.

అది నేను పాడే హుషారు పాట. ఆయన పాట ఆ పేజీలో లేదు. ఆయన రాయడం మానేసేరు. నేను గమనించలేదు.

ఆ పెళ్ళి లిస్టులో ఆ పాట వెయ్యాలని పట్టుబట్టేను. ఫోనులో అసలు పాట దొరికింది. అది విని, మాటా మాటా నేర్చుకున్నాను. కళ్ళంలో మైకు పట్టుకుని పాడేను. కిందకి తెచ్చుకుని పాడేను, రెండో చరణం ముందు ఆగేను. నా గొంతు నా మాట వినలేదు. కొత్త మనిషికి తెలీక ప్యాడ్ల మీద దెబ్బ అందుకున్నాడు, నేను ఆ దెబ్బ మీదకి ఎక్కేసేను.

ఆరుగురూ ఒలుస్తూనే ఉన్నారు. చెయ్యి దెబ్బకి కలిసింది.

"భలే కుదిరింది అక్కా, వేసేద్దాం" అన్నారు మాస్టారు. నోటుబుక్కు నా ముందు పెట్టి ఆఖరి వరసలో రాసేరు.

నేను పెద్దాయన వైపు తిరిగేను. "ఎలా ఉందయ్యా?"

"బాగుందండీ" అన్నాడు, తల ఎత్తకుండా. ఇంకో కాయ గునపం మీద గుచ్చేడు.

పెన్సిలు తీసుకుని ఆ వరస కొట్టేసేను.