సరిచేసిన చెవి

డిసెంబరు వచ్చిందంటే నా కాలు ఒకచోట నిలవదు. నూనె రంగు ఆరదు. పొద్దున తొమ్మిది దాటినా కొత్తగూడెం మీద మంచు విడవదు. ఎండ ఎక్కడ పడితే అక్కడికి బొమ్మను మోసుకుని తిరుగుతాను. వాకిట్లోంచి మెట్ల మీదికి, మెట్ల మీంచి పిట్టగోడ మీదికి. మధ్యలో వేలితో తాకి చూస్తాను, తాకినందుకు నన్ను నేనే తిట్టుకుంటాను. త్వరగా ఆరే రంగులు కొనుక్కోమని సలహా ఇవ్వనివాడు లేడు. ముప్పై ఏళ్లు నూనె రంగుతో తిరిగిన చెయ్యి ఇది, ఇప్పుడు మారమంటే మారుతుందా?

"ఏందయ్యా గా తిరుగుడు, కాలుగాలిన పిల్లి లెక్క! ఒక్కకాడ కూసోరాదు?" అంటుంది మా ఆవిడ. కూర్చుంటే పని అవుతుందా అని కసురుతాను. నిజానికి తిరిగినా అవదు.

ఆ ముప్పై ఏళ్లూ నేను చనిపోయినవాళ్ల బొమ్మలే ఎక్కువ గీశాను. ఫోన్లు, ఫ్లెక్సీలు వచ్చాక వాటిని అడిగేవాళ్లు లేకుండా పోయారు. రెండేళ్ల కింద ఒక టీచరమ్మ తన పిల్లి బొమ్మ గీయించుకుని ఫోన్‌లో స్టేటస్ పెట్టింది. అంతే, అప్పటినుంచి క్రిస్మస్‌కు కానుకగా ఇవ్వడానికి కుక్కలు, పిల్లులు, చిలకలు నా ఇంటికి ఫోటోలుగా వస్తున్నాయి. ఒకరైతే పుంజు బొమ్మ గీయమన్నారు. నా పని పూర్తయ్యేసరికి పుంజు కూరయింది.

పోయిన ఏడాది నవంబరు చివర్లో ఒక అమ్మాయి వచ్చింది. భద్రాచలంలో నర్సు. వాళ్ల నాన్న బొగ్గుబావిలో పనిచేసి రిటైరై, అడవి అంచున ఉన్న సొంతూళ్లో రెండెకరాలు సాగు చేసుకుంటున్నాడు. ఆయన కుక్క దసరా ముందు పాము కరిచి చచ్చిపోయింది.

"నాయిన మాట్లాడుతలేడన్నా," అంది ఆ అమ్మాయి. "ఇప్పటికీ రెండు పూటలా దాని గిన్నెల అన్నం పెడుతుండు. కోళ్లు తిని పోతున్నయ్. ఆయన మాత్రం సరిగ తింటలేడు. క్రిస్మస్ నాడు దాని బొమ్మ చేతుల పెడితె, దాని మొఖం జూసి ఒక్క మాటన్న అంటడేమోనని."

ఉన్నది ఒకటే ఫోటో. గోధుమరంగు ఊరకుక్క, అరుగు మీద కూర్చుని పక్కకు చూస్తోంది. మూడు వారాలు దాని మీదే కూర్చున్నాను. కూర్చున్నాను అనడం అబద్ధం, దాని చుట్టూ తిరిగాను. కళ్లు మూడుసార్లు చెరిపి మళ్లీ వేశాను. ఒక ముసలాయన నోరు విప్పడం నా కుంచె మీద ఆధారపడిందనుకుంటే రాత్రిపూట కూడా చెయ్యి దురద పెట్టేది.

ఇరవై నాలుగో తేదీ మధ్యాహ్నం ఆ అమ్మాయి వచ్చింది. మూడింటికి ఊరికి బస్సు. బొమ్మ చూడగానే మొహం వెలిగింది.

"అబ్బ, ఎంత ముద్దుగ దించినవన్నా!" అంది. ఆ తర్వాత దగ్గరికి వంగి చూసింది. "చెవేది?"

"ఏ చెవి? రెండున్నయ్ కదమ్మా!"

"చిరిగిన చెవన్నా."

ఫోటోలో ఎడమ చెవి నడుమకు చీలి ఉంది. నేను చూడకపోలేదు. చూసి, అతికించేశాను. మా పనిలో అది అలవాటు మాత్రమే కాదు, మర్యాద. ఫోటో చేతికిస్తూనే చెప్పేవాళ్లు, ఊడిన పన్ను కనబడకుండా చెయ్యమని, మెల్లకన్ను సరిచెయ్యమని, కాస్త తెల్లగా దించమని. ఎవరూ చెప్పకపోయినా చేసేవాణ్ని. కుక్కకూ అదే చేశాను.

"మంచిగనే కనబడుతుంది కద," అన్నాను నవ్వుతూ.

ఆ అమ్మాయి నవ్వలేదు. "మక్కచేనుల అడవిపంది మీదికొచ్చిందన్నా. నాయిన కిందబడ్డడు. ఇదే అడ్డం బోయింది. పంది కోర తగిలి చెవి చీలింది. అప్పట్నించి నాయిన ఆ చీలికల వేలు పెట్టుకుని పండేటోడు. గా చీలిక లేకపోతె ఇది మా కుక్క కాదు, ఏదో కుక్క."

నాకు కోపం నషాళానికంటింది. మూడు వారాల కష్టం, ముందే చెప్పొద్దా, బస్సు టైముకు వచ్చి వంకలు పెడతావా అని గట్టిగా అరిచాను. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది.

"తప్పు నువ్వు జేసి ఆ పిల్ల మీద ఎగురుడేంది? ఫోటోల చీలిక లేదా? కూసోని సరిజెయ్!"

సిగ్గేసింది. కూర్చున్నాను. చెవి రెండు రోజుల కింద వేసిందే, చలికి ఆరలేదు. కత్తితో మెల్లగా గీకాను. ఆ అమ్మాయి నా వెనక నిలబడి చెప్పింది, "ఇంకొంచెం లోపటికి... ఇంకొంచెం... వేలు పట్టేంత." నా పనిలో ఒక లోపాన్ని ఇంత జాగ్రత్తగా వేయడం అదే మొదటిసారి. అట్టపెట్టెలో అంటుకోకుండా పెట్టుకుని బస్సుకు పరిగెత్తింది.

పండగ రోజు పొద్దుటినుంచి ఫోన్ చేతిలో పట్టుకుని వాకిలి కొలిచాను. అన్నం సహించలేదు. రెండింటికి మోగింది.

"చాలాసేపు జూసిండన్నా," అంది ఆ అమ్మాయి. "చీలిక మీద వేలు పెట్టిండు. రంగంటింది. కడుక్కోమంటె కడుక్కుంటలేడు. 'దీన్ని బయట పెట్టకుర్రి, చలి పెడుతది,' అన్నడు. ఇప్పుడు తింటుండు."

మంచిదమ్మా అని పెట్టేశాను. ఇక నిమ్మళపడాలి కదా, పడలేదు. లోపలికి పోయి నడింట్లో గోడ ముందు నిలబడ్డాను. అక్కడ మా అమ్మ బొమ్మ ఉంది. ఆమె పోయినప్పుడు నేనే గీశాను. అమ్మకు కనుబొమ్మ మీద ఒక గాటు ఉండేది, చిన్నప్పుడు కట్టెలు కొడుతుంటే పేడు ఎగిరి తగిలిందట. నేను దాన్ని వేయలేదు. చూసి గీసిన ఒక్క ఫోటోనూ తర్వాత చెదలు తిన్నాయి.

రంగు కలుపుకుని స్టూలెక్కాను. కుంచె ఎత్తాను. కుడి కనుబొమ్మా? ఎడమదా? కళ్లు మూసుకున్నాను. బొమ్మలో ఉన్న మొహమే వచ్చింది.

స్టూలు మీదినుంచే వైరాలో ఉన్న మా అక్కకు ఫోన్ చేశాను. అమ్మ దగ్గర నాకంటే పదేళ్లు ఎక్కువ ఉన్న మనిషి.

"అక్కా, అమ్మ కనుబొమ్మ మీది గాటు ఏ పక్కకుండె?"

"గాటా?" అంది అక్క. "అమ్మకు గాటెక్కడిదిరా? మొఖం ఎంత సాపుగుండె! నువ్వు దించిన బొమ్మ చూడు, తెలుస్తది."