పసుపు వైరు, ఆకుపచ్చ వైరు

నోరు విప్పకుండా ఉద్యోగం చేసుకోవచ్చని నేను గట్టిగా నమ్మిన రోజులవి. డిప్లొమా చేతికొచ్చిన ఏడాదే బందరులో, మేడల మీద సోలార్ ప్యానెళ్లు బిగించే ఒక చిన్న కొట్లో చేరాను. ఏ ఇంటికి ఏ వైరు, ఎంత లావు, ఎంత పొడవు అన్నది నిబంధనల పుస్తకం చూసి జాబితా రాయడం నా పని. పుస్తకం మనల్ని మాట్లాడమని అడగదు, జాబితా ఎదురు చెప్పదు. నాకింతకంటే తగిన కొలువు ఉండదనుకున్నాను. ఎవరితోనైనా ఒక మాట చెప్పాలంటే ముందు మనసులో వాక్యం కూర్చుకుని, అందులో 'అండీ'లు సరిపోయాయో లేదో చూసుకుని, తీరా నోరు తెరిచేసరికి వాళ్లు వెళ్లిపోయేవారు. (అతిశయోక్తి కాదు. గుడివాడ బస్టాండులో మా పెద్దమ్మ గొడుగు నా చేతిలోనే ఉండిపోయింది, ఆవిడ బస్సు కదిలిపోయింది, బయట వాన.) చెప్పలేకపోయినవన్నీ రాత్రికి డైరీలో రాసుకునేదాన్ని. డైరీలో నేను చాలా ధైర్యవంతురాలిని.

మా కొట్లో పెద్ద ఎలక్ట్రీషియన్‌ని అందరూ మావయ్య అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ముప్పై ఏళ్లుగా దివిసీమలో ఆయన ఎక్కని స్తంభం లేదు. నన్ను "ఏమ్మా మౌనవ్రతం" అని పలకరించేవాడు. ఆ వేసవిలో మేమిద్దరం పాలకాయతిప్ప దారిలో ఉన్న ఒక ఊరికి వెళ్లాం. చేపల వ్యాపారం చేసే పిన్నిగారు (నాకేమీ కాదు, ఊరందరికీ పిన్ని) కొత్తగా డాబా వేయించుకుని, గృహప్రవేశానికి ముందే సోలార్ పెట్టించుకుంటున్నారు. నా జాబితా సక్రమంగా ఉంది. ప్యానెళ్ల నుంచి దిగే వైరు ఎండకీ ఉప్పుగాలికీ ఓర్చుకునే ప్రత్యేక రకం, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. ఆకుపచ్చ అనేది ఎర్తు వైరుకి తప్ప మరి దేనికీ వాడకూడదు. పుస్తకంలో ఆ వాక్యం కింద నేను రెండుసార్లు గీత గీసి ఉంచాను.

నల్ల వైరు చుట్ట విప్పగానే పిన్నిగారు మెట్ల మీదే ఆగిపోయారు.

"కొత్తింటి నెత్తిన నల్లతాడేంటయ్యా? ముహూర్తం దగ్గరికొచ్చింది. పసుపూ ఆకుపచ్చా వెయ్యి, చూడ్డానికి కళగా ఉంటాయి."

ఆ రంగుల్లో దొరికేది ఇళ్లలోపల గోడల్లో వేసే మామూలు వైరు. ఎండలో పడుంటే దాని తొడుగు ఏడాది తిరక్కుండా పగులుతుంది. మావయ్య మా కొట్టు యజమానికి ఫోను చేశాడు. ఇల్లు వాళ్లది, రంగు వాళ్లిష్టం అన్నారట ఆయన. నేను పిట్టగోడ పక్కన పుస్తకం గుండెలకి హత్తుకుని నిలబడ్డాను. మావయ్య నావైపు చూసి, మరేం పర్లేదమ్మా, వేసేది నేనేగా, ఏది ఏదో నాకు గుర్తుండదా అన్నాడు. ఆయనకీ మనసులో ఏదో గుచ్చుకుంటోందని, నేనొక్క మాటంటే ఆగిపోతాడని నాకు తెలుస్తూనే ఉంది. తల ఊపాను. ఆ రాత్రి డైరీలో మూడు పేజీలు రాశాను. చక్కటి భాషలో, ఎక్కడా కొట్టివేతలు లేకుండా.

మరుసటి వేసవికి పిన్నిగారి దగ్గర్నుంచి కబురొచ్చింది. డాబా మీద తడిబట్టలు ఆరేస్తుంటే ప్యానెళ్ల ఇనుప చట్రం తగిలి చెయ్యి జివ్వుమంటోందట. ఎర్తు తుప్పు పట్టి ఊడుంటుందని మావయ్య తేల్చేశాడు. మిట్టమధ్యాహ్నం డాబా ఎక్కాం. మెయిన్ ఆపేశాం గానీ, ఎండ పడుతున్నంతసేపూ ప్యానెళ్ల వైపు వైర్లలో కరెంటు ఉంటూనే ఉంటుంది. పసుపు వైరు తొడుగు బీటలువారి చట్రానికి ఆనుకుని ఉండడం నేను చూశాను. మావయ్య ఎడమచేత్తో అదే చట్రం పట్టుకుని, కుడిచేత్తో ఆకుపచ్చ వైరు అతుకు మీది టేపు ఒలుస్తున్నాడు. అది ఎర్తు కాదు. ఏడాది క్రితం నలుపు బదులు స్వయంగా ఆయనే వేసిన, కరెంటున్న రెండో వైరు. మనిషికి గుర్తుందో లేదో గానీ, చేతికి మాత్రం ముప్పై ఏళ్లుగా ఆకుపచ్చంటే ఎర్తే.

ఆగండి అంటే సరిపోయేది. నేను "మావయ్యగారూ, మీరేమీ అనుకోకపోతే" దగ్గర ఉన్నాను.

ఆయన కేకైనా వెయ్యలేదు. ఒళ్లంతా బిగుసుకుపోయి, చెయ్యి వైరుని వదలడం లేదు. పక్కనే, ఆరబెట్టిన వడియాలకి కాపలా కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ ఉంది. నాకు మాట రాలేదు గానీ కుర్చీ చేతికొచ్చింది. జీవితంలో చీమకి కూడా అడ్డు రానిదాన్ని, తండ్రి వయసు మనిషిని కుర్చీ ఎత్తి కొట్టాను. ఆయన వడియాల మీద పడ్డాడు. ఊపిరి ఉంది. బందరు ఆసుపత్రిలో బొటనవేలు నిలబెట్టారు, చూపుడువేలు రెండో కణుపు దాకా తీసేశారు. తెలివొచ్చాక ఆయన నన్ను అడిగింది ఒక్కటే. "వడియాలు పాడైపోయినందుకు పిన్నిగారు ఏమైనా అన్నారా?"

వారం తర్వాత, వైరు మార్చాలని చెప్పడానికి పిన్నిగారింటికి ఒక్కదాన్నే వెళ్లాను. గుమ్మంలో నిలబడే మొత్తం చెప్పేశాను. నల్లదే వెయ్యాలి, ఇష్టం లేకపోతే అసలు సోలారే వద్దు అని కూడా అన్నాను. గొడవకి సిద్ధపడే వెళ్లాను. ఆవిడ తట్ట దించుకుంటూ తాపీగా విన్నారు.

"అంతేనా అమ్మాయ్? తెల్లపైపులో దూర్చేస్తే నలుపెవడికి కనపడుద్దీ? ఆ రోజే అనుంటే పైపు నేనే తెప్పించేదాన్నిగా."

మావయ్య ఇప్పుడు కొట్లో కూర్చుని వైర్లు కొలిచి ఇస్తున్నాడు. పెన్ను మధ్యవేలితో పట్టుకుంటాడు. కొత్తగా చేరినవాళ్లందరికీ నన్ను చూపించి, ఈ మౌనవ్రతమే నా ప్రాణం నిలబెట్టిందర్రా అని కుర్చీ కథ చెబుతాడు. వాళ్లు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. పుస్తకం పట్టుకుని పిట్టగోడకి అతుక్కుపోయిన ఆ అమ్మాయి కళ్లముందు కదిలి, ఎంత పిచ్చిదో అని ముద్దుగా కూడా అనిపిస్తుంది. పిన్నిగారన్న మాట మాత్రం మావయ్యకి నేనింతవరకూ చెప్పలేదు.