మూడు షిఫ్టులూ తిన్న చిన్ని

పిల్లిని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినవాళ్ళను మీరు చూసే ఉంటారు. కుక్కపిల్లను చంకలో పెట్టుకుని, దానికేమైందో తెలియక ఊరంతా ఏడుస్తూ తిరిగిన వీరుణ్ణి మాత్రం చూసి ఉండరు. ఇదిగో, నేనే! గోదావరిఖనిలో కేవలం ఇరవై రోజుల్లో ఒక కుక్కపిల్ల ప్రాణాన్ని, ఒక కాపురాన్ని, ముగ్గురు మగవాళ్ళ పరువును ఒకేసారి ప్రమాదంలో పడేసిన ఘనత నాది. గుండె దిటవు చేసుకుని చదవండి.

నాలుగైదేళ్ళ కిందటి మాట. నాకు పెళ్ళయి ఏడాది. గనిలో ఎలక్ట్రీషియన్ని. మా క్వార్టర్‌లో నేను, నా భార్య స్రవంతి, ఇంకా గని నుంచి రిటైరు కాని మా నాన్న (మాకు బాపు), బొగ్గు లారీ నడిపే తమ్ముడు రాజేశ్. నా పెళ్ళవగానే అక్క కాన్పుకని మంచిర్యాల వెళ్ళిన అమ్మ, మనవడి మురిపెంలో పడి తిరిగి రావడమే మరిచిపోయింది. బాపుది రాత్రి షిఫ్టు, నాది పొద్దుటి షిఫ్టు, తమ్ముడిది మధ్యాహ్నం షిఫ్టు. వారం వారం షిఫ్టులు మారేవి గానీ, ముగ్గురం ఒకేసారి మెలకువగా ఇంట్లో ఉండటం మాత్రం గ్రహణం కంటే అరుదు. ఒకడు చెప్పులు విప్పుతుంటే ఇంకొకడు తొడుక్కునేవాడు. మూడోవాడు గురక పెట్టేవాడు.

ఈ సత్రంలోకి స్రవంతి ఒక నాటు కుక్కపిల్లను తెచ్చింది. రెండున్నర నెలలది, గోధుమరంగు, రెండు చేతుల్లో పట్టేంత. పేరు చిన్ని. తెచ్చిన వారానికే ఆమెకు బీఎడ్ పరీక్షలొచ్చాయి. చదువుకోవడానికి బెల్లంపల్లిలోని పుట్టింటికి బయల్దేరుతూ, ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించింది. "చిన్నికి రోజుకు మూడుసార్లు. చిన్న గిన్నెడు మెత్తటి అన్నం, సగం గుడ్డు, కొంచెం పెరుగు. ఉల్లిగడ్డ, కారం, కోడి బొక్కలు వద్దు."

రైలెక్కేముందు నా వైపు వేలు చూపించింది.

"నేనొచ్చేసరికి చిన్ని మంచిగుండాలె. దానికేమన్న అయ్యిందో, దాన్ని తీస్కొని మళ్ళ ఇదే రైలెక్కుత. నువ్వు, మీ బాపు, నీ తమ్ముడు ఏలుకోండ్రి ఇల్లు!"

ఆమె అన్నంత పనీ చేస్తుంది. చిన్ననాడు అలిగి మూడు రోజులు మాట్లాడలేదని మా అత్తగారే గర్వంగా చెప్పింది. అందుకని నేను కర్తవ్యంలోకి దూకేశాను.

ఇక్కడే పాఠకులు కాస్త జాగ్రత్తగా గమనించాలి. గనిలో ఒక పద్ధతి ఉంది. షిఫ్టు దిగేవాడు ఎక్కేవాడికి ఏం చేశాడో, ఏం మిగిలిందో చెప్పి చార్జ్ అప్పజెప్పి గానీ కదలకూడదు. ఆ పని నేను ఏ ఒక్కరోజూ తప్పలేదు. ఇంట్లో మాత్రం ఏం చేశాను? బాపును నిద్రలేపి, "బాపూ, నేను డ్యూటీకి పోతున్న. చిన్ని ఫికర్ నీదే, కాయిదం చూసి పెట్టు" అన్నాను. తమ్ముడికి ఫోన్ చేసి, "రాజేశూ, బాపుకు యాదుండది. నువ్వే పెట్టాలె" అన్నాను. ఇద్దరి మీదా నమ్మకం లేక నేనూ పెట్టడం మొదలుపెట్టాను. ఈ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎదురెదురు పడితేనా!

ఇక చిన్ని నటన గురించి చెప్పాలి. ఎవరు తలుపు తీసినా గిన్నె పక్కన కాళ్ళు చాపి పడుకునేది. గిన్నెను కొత్తది కొన్నంత నిగనిగలాడేలా నాకి పెట్టేది. తలెత్తి, కరువు ప్రాంతం నుంచి నడిచొచ్చినట్టు ఒక చూపు చూసేది. రాతి గుండెలు కూడా కుక్కర్ ఎక్కించేవి. "అయ్యో, బాపు మర్చిపోయిండు" అనుకుని నేను పెట్టేవాణ్ణి. "అన్న మర్చిపోయిండు" అనుకుని తమ్ముడు పెట్టేవాడు. "ఈ పోరగాండ్లకు దయలేదు" అని తిట్టుకుంటూ బాపు పెట్టేవాడు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అంటారు గానీ, మా ఇంట్లో మంది ఎక్కువైన కొద్దీ చిన్ని పెరుగు చిక్కబడింది.

వారం తిరిగేసరికి చిన్ని గుండ్రంగా తయారైంది. నా ఆనందానికి అవధుల్లేవు. వీడియో కాల్‌లో స్రవంతికి చూపించాను.

"అబ్బ! మస్తుగైంది. నువ్వేనా పెడ్తున్నది?"

"మరి? నేను కాకపోతే ఎవలు పెడ్తరు?"

భార్య మెచ్చుకుంటే మగాడు ఆగుతాడా? సగం గుడ్డు కాస్తా గుడ్డు అయింది. గుడ్డుకు తోడు ఉడికించిన కోడి కార్జం చేరింది. చిన్న గిన్నె పెద్ద గిన్నె అయింది.

పద్దెనిమిదో రోజుకు చిన్ని గడప దాటలేకపోయింది. ముందు కాళ్ళు బయట, వెనక కాళ్ళు లోపల, పొట్ట గడప మీద. అలా ఇరుక్కుని నావైపు చూసింది. పరిగెత్తదు, బంతి విసిరితే కళ్ళతో మాత్రమే పట్టుకుంటుంది. పడుకుంటే ఆయాసం.

పక్క క్వార్టర్‌లో ఉండే ఆటో మెకానిక్ ఖాజా భాయ్ గోడ మీంచి తొంగిచూసి నిట్టూర్చాడు.

"అరె సంపత్ భాయ్, పేట్ మే పానీ భర్ గయా! నీళ్ళు చేరినయ్ కడుపుల. మా చాచా మేకకు గిట్లనే అయింది."

"ఏమైంది భాయ్ మేకకు?"

ఖాజా భాయ్ టోపీ తీసి గుండెలకు ఆనించుకున్నాడు.

ఆ రెండు రోజులు నేను నిజంగా భయపడ్డాను. నీరసంగా ఉంది కదా అని, నవ్వకండి, ఇంకాస్త తిండి ఎక్కువ పెట్టాను! ఇరవయ్యో రోజు పొద్దున చిన్ని లేవనేలేదు. స్రవంతి రైలు దిగేది ఆ రోజే. నేను డ్యూటీకి నాగా పెట్టి, చిన్నిని దుప్పట్లో చుట్టుకుని ఏడుపు లంకించుకున్నాను. అప్పుడే రాత్రి డ్యూటీ దిగొచ్చిన బాపు బొగ్గు మొహంతోనే ఆటో ఎక్కాడు. నిద్రలోంచి లేచిన తమ్ముడు లుంగీతో ఎక్కాడు. ఖాజా భాయ్ జల్దీ జల్దీగా పశువుల దవాఖానకు తోలాడు.

డాక్టరమ్మ చిన్నిని బల్ల మీద పెట్టి పొట్ట నొక్కింది, పక్కటెముకలు తడిమింది, స్టెతస్కోపు పెట్టి విన్నది.

"బతుకుతదా మేడం?"

"దీనికి రోగమేం లేదు. రోజుకు ఎన్నిసార్లు పెడుతున్నారు?"

"మూడుసార్లే మేడం. కాయిదంల ఉన్నట్టే."

బాపు నావైపు వింతగా చూశాడు. "నువ్వెప్పుడు పెట్టినవ్‌రా? మూడుసార్లు పెడ్తున్నది నేను గదా?"

"అదేంది బాపూ!" తమ్ముడు లుంగీ ఎగ్గట్టాడు. "మీ ఇద్దరికి యాదుండదని మూడుపూటలు నేనే పెడ్తున్న. లారీ ఆపి మరీ వచ్చి పెట్టిన!"

డాక్టరమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.

"తొమ్మిది. ఈ పసిదానికి రోజుకు తొమ్మిదిసార్లు!" అని మా ముగ్గుర్నీ ఎడాపెడా వాయించింది. "పెరిగే పిల్లకు మూడుపూటలు చాలు. వేళ్ళతో తడిమితే పక్కటెముకలు తెలియాలి, పైనుంచి చూస్తే నడుం కనబడాలి. మీ దానికి నడుమేది? ఇంత బరువు మోస్తే లేత కాళ్ళు వంకరపోతాయి. ఇక ఒకరే పెట్టండి."

చిన్ని బతికింది! బాపు నన్ను తిడుతూనే నవ్వాడు, నేను నవ్వుతూనే ఏడ్చాను. ఎన్నో నెలల తర్వాత ముగ్గురం మెలకువగా ఒకచోట నిలబడ్డామని అప్పుడు గుర్తొచ్చి, నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఆ సంతోషం ఇంటి గేటు దాకా ఉంది. గేటు దగ్గర బ్యాగుతో స్రవంతి! ఆటోలోంచి దిగిన దుప్పటి మూటను చూసింది. మూటలోంచి చిన్ని తోకాడించింది.

"ఇదేంది? ఇది చిన్నియేనా? ఏం చేసిండ్రు దీన్ని?"

ఆమె చేయి బ్యాగు మీదికి వెళ్ళింది. నా చెవుల్లో బెల్లంపల్లి రైలు కూత పెట్టింది. ఎలాగైనా ఆపాలి! ప్రేమలో లోటు లేదని నిరూపించాలి! నోటికొచ్చిందల్లా వాగేశాను.

"ఒట్టు స్రవంతీ, మేం ఏం తక్వ చెయ్యలే! ముగ్గురం తలా మూడుసార్లు పెట్టినం! కుక్కర్‌ల నాలుగు విజిల్లు, అన్నం వెన్నలెక్క చేసిన. గుడ్డు ఉడకబెట్టి, పొట్టు తీసి పెట్టిన. కార్జం సన్నగ కోసి ఉడికిచ్చిన."

"నేనైతే పాలు నేనే తోడేసిన బిడ్డా, గడ్డపెరుగు!" బాపు గొంతు కలిపాడు.

"వదినా, నేను క్యారెట్ తురిమి ఏసిన!" తమ్ముడు కూడా తగ్గలేదు.

స్రవంతి చేయి బ్యాగు మీంచి దిగింది. మా ముగ్గుర్నీ ఒక్కొక్కరిగా చూసింది. హమ్మయ్య, కరిగింది అనుకున్నాను.

"ఇరవై దినాలు మీరేం తిన్నరు?"

"కర్రీ పాయింట్ల తెచ్చుకున్నం."

"ఊఁ. పెళ్ళైన కాడినుంచి గ్యాస్ ముట్టిచ్చుడు రాదన్నవ్. మామ చాయ్ పెట్టుకునుడు రాదన్నడు. నీ తమ్ముడు అన్నం ఎట్ల ఉడుకుతదో ఎరుగనన్నడు. మూడు షిఫ్టులకు మూడుమార్లు నేనొక్కదాన్నే వండిన ఏడాది సంది. మీ ముగ్గురు కల్సి కుక్కకు తొమ్మిదిసార్లు వండిండ్రా?"

ఆమె రైలెక్కలేదు. లోపలికెళ్ళి ఫ్రిజ్ మీది పాత కాగితం చింపి, కొత్తది అంటించింది. చిన్నికి మూడుసార్లు, ఆమే పెడుతుంది. మనుషులకు మూడుసార్లు వంట. పొద్దున బాపు, మధ్యాహ్నం రాజేశ్, రాత్రి నేను. ఆ కాగితం ఈ రోజుకీ అక్కడే ఉంది. చిన్నికి నడుమొచ్చింది, నాకు ఉల్లిగడ్డలు కోసి కోసి కళ్ళు పోయాయి.

కాబట్టి మహాజనులారా, రేషన్ బియ్యం మీద చేయిపెట్టి, గ్యాస్ పొయ్యి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కుక్కపిల్ల ఎంత దీనంగా చూసినా నాలుగోసారి గిన్నె నింపను. ఒకవేళ నింపినా సరే, అన్నం ఎన్ని విజిల్స్‌కు ఉడుకుతుందో ప్రాణం పోయినా భార్య ముందు చెప్పను.