బోణీ టైర్లు

నేను ఏం కొనుక్కొచ్చినా మా ఆవిడ ముందు వస్తువును చూసేది కాదు. "ఎంత తగ్గించిన్రు?" అనేది. మా నాన్న ఇత్తడి సామాన్ల దుకాణంలో గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. తగ్గించకుండా కొనడం నాకు చేతకాదు. ఆమెను చేర్చిన ఆసుపత్రి క్యాంటీన్‌లో ఇడ్లీకి కూడా బేరమాడిన ఘనత నాది.

ఆమె పోయాక ఆమె చిన్న చక్రాల సైకిల్ బాల్కనీలోనే ఉండిపోయింది. టైర్లు పగుళ్లిచ్చాయి. పాత సామాన్లవాడికి వేసెయ్యమన్నారు బంధువులు. సరే అన్నాను. ఆ రోజుల్లో ఎవరేమన్నా సరే అనేవాణ్ణి. మా అమ్మాయి మాత్రం, "అమ్మ సైకిల్ ఇస్తే ఊకోను. టైర్లు ఎయ్యించు నాన్నా. సోమవారం నుంచి కాలేజీకి దాని మీదనే పోతా," అంది. దానికీ సరే అన్నాను.

శనివారం పొద్దున్నే చిలకలగూడ నుంచి బయల్దేరి, సైకిల్ సామాన్ల దుకాణం షట్టర్ లేచే వేళకు వెళ్లి నిలబడ్డాను. తొలి గిరాకీని ఏ దుకాణమూ ఒట్టి చేతులతో పంపదు. ఆ దుకాణం నడిపే పెద్దామెను ఇరవై ఇంచుల టైర్లు అడిగాను. గుంతల రోడ్లకు గట్లు దేరినవి ఒక జత, నున్నటివి ఒక జత ముందు పెట్టింది. దేనికి ఎక్కువ తగ్గిస్తుందో అదే నాకు నచ్చింది.

"బోణీ సుత కాలే. గింత అన్యాయమా అన్నా?"

"బోణీ అనే కదక్కా పొద్దుగాల్నే వచ్చిన."

తగ్గించింది. ఒకప్పుడైతే ఇల్లు చేరేదాకా ఈల వేసేవాణ్ణి. ఆ గెలుపు వేరే ఎవరిదో అన్నట్టుంది.

ఇంట్లో టైరు రిమ్ముకు ఎక్కలేదు. పాత టైరు మీది అంకెలు అప్పుడు చదివాను. రెండూ ఇరవై ఇంచులే. కానీ పాతది సన్న రకం, దాని రిమ్ము కాస్త పెద్దది.

తిరిగి వెళ్లాను గానీ లోపలికి అడుగు పడలేదు. బోణీ సరుకు వాపసు వస్తే మా నాన్న ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఇంకో గిరాకీ వచ్చేదాకా ఎదుటి చాయ్ బండి దగ్గర ఆగాను. ఎవరూ రాలేదు. చివరికి ఆమే కేకేసింది.

"ఏందన్నా, టైర్లు మెడల ఏస్కొని ఆడ నిలవడ్డవ్? నిన్ను జూస్తే ఇంకెవరొస్తరు?"

సంగతి చెప్పాను.

"గా సైజు ఇప్పుడెవరు కొంటలేరు. సైకిలే మార్చు."

"సరే," అన్నాను. "మరి పైసలు?"

ఆమె ముఖం మాడిపోయింది. "బోణీ పైసలు వాపస్ ఇస్తరా యాడనన్న? ఇంతకీ ఎవరు తొక్కుతరు?"

"మా ఆవిడ," అన్నాను. "కాదు. మా అమ్మాయి. మా ఆవిడ లేదు."

ఆమె స్టూలు ముందుకు జరిపింది. "జెర కూసో."

బోణీ నిలబెట్టుకోవడానికో, మరెందుకో, నలుగురికి ఫోన్లు చేసింది. బేగంపేటలో ఒకరి అటక మీద ఆ సైజు జత ఉందట. మధ్యాహ్నానికి ఆటోలో తెప్పించింది. పొద్దున కొన్న జత తీసుకుని, పైన ఇంత ఇవ్వమంది. ఇచ్చాను.

సాయంత్రం మా అమ్మాయి గల్లీ చివరిదాకా తొక్కి వచ్చింది. దిగి, ముందు టైరును బొటనవేలితో నొక్కింది.

"గట్టిగున్నయ్. ఎంత తగ్గించిన్రు?"

ఆ జతకు బేరమాడనే లేదని అప్పుడు గుర్తొచ్చింది.

"మస్తు," అన్నాను.