మెర్ల్ గారి ఎనిమిదో స్థానం

మెర్ల్ హోస్టెట్లర్ గారికి ఈ లోకంలో ఏదైనా బాగుపడుతుందన్న నమ్మకం లేదు. వాన పడితే మొక్కజొన్న కుళ్ళిపోతుందనేవారు, పడకపోతే ఎండిపోతుందనేవారు, సరిగ్గా కావలసినంత పడితే పంట ఎక్కువై ధర పడిపోతుందనేవారు. మా పత్రికలో ముప్పై ఏళ్ళుగా ఆటల వార్తలు రాసింది ఆయనే. ఆ పేజీ దిద్దేవాణ్ణి నేను. అంటే ఆయన నిరాశలో అచ్చుతప్పులు సరిచేయడం నా ఉద్యోగం.

మా బెక్లర్ ఫాల్స్‌లో ఒక చిన్న కాలేజీ ఉంది. చుట్టుపక్కల ఊళ్ళలో అలాంటివే మరో ఏడున్నాయి. ఎనిమిదీ కలిసి ఒక కూటమి కట్టుకుని, చలికాలమంతా తమలో తాము బాస్కెట్‌బాల్ ఆడుకుంటాయి. మంచు పడ్డాక మాకు వేరే దిక్కు లేదు. అందుకే అక్టోబరు చివరి ఆదివారం మెర్ల్ గారు రాబోయే సీజన్ గురించి రాసే వ్యాసం కోసం ఊరంతా కాచుకుని ఉంటుంది. ఏ జట్టు ఏ స్థానంలో నిలుస్తుందో ఆయన అందులో తేల్చేస్తారు. మొదటి ఏడు స్థానాలూ ఏటేటా మారేవి. ఎనిమిదోది మాత్రం నేను చేరినప్పటినుంచీ మారింది లేదు. అది మాది.

కారణాలు మాత్రం ఎప్పటికప్పుడు కొత్తవి. ఒక ఏడాది మా ఆటగాళ్ళు పొట్టివాళ్ళన్నారు. మరుసటేడు పొడుగువాళ్ళు వస్తే, వంగి బంతి అందుకోలేరన్నారు. ఒకసారి ఎంత వెతికినా లోపం దొరక్క, జట్టు ఎక్కి తిరిగే బస్సు పాతదని రాశారు.

ఇంట్లోనూ అదే వరస. పెళ్ళినాడు చర్చి మెట్లు దిగుతూ, ఇది రెండేళ్ళు నిలిస్తే గొప్పేనని పెళ్ళికూతురి చెవిలో అన్నారట. "ఇప్పటికి నలభై ఒక్కేళ్ళయింది బాబూ. పెళ్ళిరోజు వచ్చినప్పుడల్లా ఆశ్చర్యపోతారు" అని వాళ్ళావిడ లుసీల్ గారే నాకు చెప్పారు.

నన్నూ వదల్లేదు. నేను చేరిన రోజున మా యజమానితో, నా ఎదుటే, "ఈ కుర్రాడు క్రిస్మస్ దాకా ఉండడు" అన్నారు. తర్వాత నాకు పెళ్ళి కుదరబోతుంటే, కాబోయే అత్తగారు చర్చి విందులో ఆయన్ని పట్టుకుని నా గురించి వాకబు చేశారు. ఈయన చాలాసేపు ఆలోచించి, "గోడకి మేకు కొట్టడం కూడా రాదమ్మా. అయినా అంతకంటే ఘోరమైనవాళ్ళూ ఉన్నార్లెండి" అన్నారు. రెండు వారాలు ఆయనతో మాట్లాడలేదు నేను.

ఇదిలా ఉండగా ఒక ఏడాది మా కాలేజీకి నిజంగానే మంచి జట్టు కుదిరింది. కిందటేడు ఆడిన ఐదుగురిలో నలుగురు ఉన్నారు. వాళ్ళకి తోడు ఆరడుగుల పది అంగుళాల కుర్రాడొకడు కొత్తగా వచ్చాడు. మరోపక్క కోచ్ డెన్నీ కోల్బ్ ఒప్పందం ఆ మార్చితో ముగుస్తోంది. ఇంట్లో మూడు నెలల పసిబిడ్డ. కాలేజీ పాలకమండలి పెద్ద క్రమ్ గారు, ధాన్యం గోదాముల యజమాని, జట్టు ఆడినదాన్ని బట్టే కోచ్ సంగతి చూస్తానని అందరి ముందూ చెప్పేశారు.

నేను వెళ్ళి మెర్ల్ గారి బల్ల ముందు నిలబడ్డాను.

"ఈ ఒక్కసారికి వాళ్ళని పైన పెట్టండి. పాపం, కోచ్ ఉద్యోగం ఊగుతోంది."

"తెలుసు" అన్నారాయన తలెత్తకుండా. "ఆ పొడుగాటివాడి మోకాలు చూశావా?"

"ఏమైంది?"

"ఇంకా ఏమీ కాలేదు."

ఆదివారం పేపరు వచ్చింది. ఎనిమిది. ఊరు భగ్గుమంది. సోమవారం తెల్లారేసరికి ఆయన ఇంటి అరుగు మీద ఎనిమిది కుళ్ళిన గుమ్మడికాయలు వరసగా పేర్చి ఉన్నాయి. ఆయన వాటిని ఒక్కొక్కటే పెరట్లోకి మోసుకెళ్తూ, మంచివి పెట్టినా చివరికి కుళ్ళేవేగా అన్నారు.

మంగళవారం కోచ్ మా ఆఫీసుకి వచ్చాడు. కొట్లాట తప్పదనుకుని నేను లేచి ఇద్దరి మధ్యా నిలబడ్డాను. కోచ్ నన్ను పక్కకి జరిపి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎనిమిదేగా మెర్ల్ గారూ? మళ్ళీ మార్చరుగా?"

"ఇంకా కిందికి దించుదామనే చూశాను. కూటమిలో ఉన్నవే ఎనిమిది."

కోచ్ హమ్మయ్య అనుకుని, రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకుని ఊపి వెళ్ళిపోయాడు. నాకు మతిపోయింది. వెంటపడి కారు దగ్గర పట్టుకుని అడిగితే అప్పుడు చెప్పాడు.

క్రమ్ గారికి బాస్కెట్‌బాల్ గురించి ఓనమాలు తెలియవు. తెలిసిందల్లా మా పేపరే. వ్యాసం కత్తిరించి జేబులో పెట్టుకుంటారు. మార్చి సమావేశంలో దాన్ని బయటికి తీసి, పేపరు చెప్పిన స్థానాన్నీ జట్టు తెచ్చిన స్థానాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు. తగ్గితే కోచ్ ఇంటికే. పంతొమ్మిదేళ్ళ కిందట మెర్ల్ గారు తన ప్రాణస్నేహితుడైన అప్పటి కోచ్ మీది అభిమానంతో, ఒకే ఒక్కసారి, మా జట్టుని మొదటి స్థానంలో పెట్టారు. మూడో స్థానం వచ్చింది. అప్పటిదాకా కాలేజీ ఎరగని ఘనత అది. క్రమ్ గారు మాత్రం జేబులోంచి కాగితం తీసి, మొదటిదని రాశారే అన్నారు. ఆ కోచ్ ఊరు విడిచి వెళ్తున్న రోజున సామానంతా లారీకి ఎక్కించింది మెర్ల్ గారే.

"ఆ తర్వాత ఏ కోచ్ ఉద్యోగమూ పోలేదు" అన్నాడు డెన్నీ. "ఎనిమిది కింద పడ్డానికి చోటేదీ? క్రమ్ గారు పాత కాగితం పారేసి, ఏటా కొత్తగా ఆశ్చర్యపోతారు."

వెనక్కి వచ్చి మెర్ల్ గారిని నిలదీశాను. అదేం లేదు, వాళ్ళు నిజంగానే ఆడలేరని గొణిగారు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

జనవరిలో పొడుగాటి కుర్రాడి మోకాలు బెణికింది. అప్పటిదాకా జోరు మీదున్న మా జట్టు ఐదో స్థానంలో ఆగింది. ఊరంతా తలలు పట్టుకుంది. క్రమ్ గారు కాగితం తీసి చూసి, మూడు మెట్లు ఎక్కించాడని మెచ్చుకుని, డెన్నీకి ఇంకో నాలుగేళ్ళు ఇచ్చారు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. నేను చేరిన ఏడాది జనవరి రాగానే మా యజమాని భుజం తట్టి, నువ్వు గట్టివాడివే అన్నాడు. ఇక మా అత్తగారు. నేను ఒక పటం వంకరగా తగిలిస్తే చాలు, "అల్లుడి చేతిలో ఎంత పనితనం ఉందో చూడండి" అని వచ్చినవాళ్ళందరికీ ఈ రోజుకీ చూపిస్తారు.

మొన్న వేసవిలో మెర్ల్ గారు ఉద్యోగం మానేశారు. ఆ వ్యాసం ఇప్పుడు నా నెత్తిన పడింది. పోయిన వారం ఫోన్ చేసి, మన కుర్రాళ్ళు ఎలా ఉన్నారని అడిగారు.

"ఇంత మంచి జట్టుని నేనెప్పుడూ చూళ్ళేదండీ" అన్నాను.

"ఏ స్థానం ఇచ్చావ్?"

"ఎనిమిది."

ఆయన గొంతు సవరించుకున్నారు.

"బస్సు సంగతి రాశావా?"

రాయలేదు. ఫోన్ పెట్టేసి, ఆ వాక్యం చేర్చాను.