దొరసాని ముడతాకు, మా ఆదిత్యాలు

తెల్లవాళ్ళు ఏది తింటే అదే గొప్ప తిండి అనుకునే రోజులవి. మార్కాపురం మిషన్ బంగళాలో ఉండే దొరసాని రొట్టె ముక్కల మధ్య పచ్చి ఆకు పెట్టుకుని తినేది. మా పేటలో పచ్చి ఆకు తినేవి మేకలు. ఆ మాట మేం పైకి అనేవాళ్ళం కాదు, ఎందుకంటే మా అమ్మ ఆ బంగళా తోటలోనే కలుపు తీసేది.

ఆ ఆకు విత్తనాలు ఓడలో మదరాసుకు, అక్కడి నుంచి రైల్లో మా ఊరికి వచ్చేవి. ఎర్రటి సన్న గింజలు. చలికాలంలో వాటిని మడిలో చల్లేది అమ్మే. మొదటిసారి పొట్లం విప్పగానే ఆమెకు నవ్వొచ్చిందట. అవి మన ఆదిత్యాలే. బజారులో మూలికల దుకాణంలో దొరుకుతాయి. బాలింతకు పాలు పడాలని వాటిని నానబెట్టి, పాలల్లో ఉడికించి, బెల్లం వేసి పెడతారు. ఓడెక్కి వచ్చిన గింజకు మర్యాద ఎక్కువ, అంతే.

ఆ ఏడు తమ్ముడు పుట్టాడు. అమ్మమ్మ రోజూ ఆదిత్యాలు నానబెట్టేది, ఆ గిన్నె కడిగిన నీళ్ళు వాకిట్లో పగిలిన కుండలో పోసేది. కుండలో మట్టి ఉంది. గిన్నెకు అంటుకున్న గింజలు అందులో పడి మొలిచాయి. నెల తిరిగేసరికి జానెడు ఎత్తు పెరిగాయి. వాటిని ఎవరూ తినలేదు, పీకలేదు.

బిడ్డకు ప్రార్థన చేద్దామని దొరసాని మా ఇంటికి వచ్చింది. వెంట మా పాస్టరు అయ్యగారు. ప్రార్థన మొదలవకముందే ఆమె కళ్ళు కుండ మీద పడ్డాయి. పేటంతా వాకిళ్ళలో నిలబడి చూస్తుండగా అమ్మతో అంది: "నీవు నా విత్తనములను దొంగిలించితివి." పుస్తకాల్లో నేర్చిన తెలుగు. ఒక్క అక్షరం తప్పు పోలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"దుకాణంలో కొన్నవి దొరసానమ్మా! ఆకు చూడండి, మీది ముడతాకు, మాది..." అని అమ్మ చెబుతూనే ఉంది. దొరసాని గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం అయ్యగారు ఒక్కరే తిరిగి వచ్చారు. "ఆదివారం సంఘం ముందర లేచి తప్పు ఒప్పుకో అమ్మా. లేకుంటే పని పోతుంది, బల్ల దగ్గరికి కూడా రానీయరు" అన్నారు. బల్ల అంటే గుళ్ళో ప్రభువు రొట్టె, రసం తీసుకునే చోటు. అక్కడికి రానివ్వకపోతే మా పేటలో మనిషిని వెలివేసినట్టే.

"చేయని తప్పు ఒప్పుకుంటే దేవుని ముందర అబద్ధం ఆడినట్లు కాదా అయ్యగారూ?"

"బిడ్డ తల్లివి. ఈ పంతం ఏందమ్మా?"

"పంతం కాదు. నేను దొంగను కాను. పని పోతే పోనీండి, కూలికి పోతాను."

శనివారం నేను ఎవరికీ చెప్పకుండా బంగళా గోడ దూకి ముడతాకు రెమ్మ ఒకటి తెంపుకొచ్చాను. మొత్తం కథలో దొంగతనమంటూ జరిగితే అదొక్కటే. ఇన్నేళ్ళయినా దానికి నాకు పశ్చాత్తాపం లేదు. అమ్మా నేనూ నా పలక మీద రెండు రెమ్మలూ పక్కపక్కన పెట్టాం. దొరసానిది ఆమె గౌను చేతుల కుచ్చుల్లా అంచంతా ముడతలు. మాది కొత్తిమీరలా సాఫుగా చీలిన ఆకు. రెండింటిలోనూ చెరో ఆకు నమిలి చూశాం. ఆమెది నాలుక మీద కాస్త చురుక్కుమని ఊరుకుంది. మాది ఆవాల ముద్దలా ముక్కులోకి ఎక్కింది. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

ఆదివారం అయ్యగారు తప్పు ఒప్పుకునేవాళ్ళను లేవమన్నారు. అమ్మ తమ్ముణ్ణి చంకన వేసుకుని లేచింది. నా చేతిలో పలక తీసుకుని తిన్నగా దొరసాని దగ్గరికి నడిచింది.

"ఇది మీది. ఇది నాది. నమిలి చెప్పండి దొరసానమ్మా."

దొరసాని రెండూ చూసింది, మా ఆకు నమిలింది. ముఖం ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కళ్ళు తుడుచుకుని అంది: "ఇది నాది కాదు."

అయ్యగారు హమ్మయ్య అనుకుని, "రా అమ్మా, బల్ల దగ్గరికి రా" అన్నారు. అమ్మ కదల్లేదు.

"దొంగ అన్నది మా పేటలో, అందరూ వినంగ. కాదన్న మాట కూడా ఆడనే అనాల. అప్పుడొస్తాను."

ఆ రోజు అమ్మను చూసి పడినంత గర్వం తర్వాత ఎవరిని చూసీ పడలేదు. ఆ మధ్యాహ్నమే, మండే ఎండలో, దొరసాని మా వాకిట్లో నిలబడి పేటంతా వినేలా చెప్పింది. మరుసటి వారం అమ్మ బల్ల దగ్గరికి వెళ్ళింది, పనిలోకీ వెళ్ళింది.

ఎండలు ముదిరేసరికి బంగళాలో ముడతాకు మాడి మట్టిలో కలిసింది. మా కుండలోది పూసి, గింజ కట్టింది. ఒకరోజు కలుపు తీస్తున్న అమ్మ దగ్గరికి దొరసాని వచ్చి, మీ విత్తనాలు గుప్పెడు ఇస్తావా అని మెల్లగా అడిగింది.

అమ్మ తల ఎత్తలేదు. "దుకాణంలో దొరుకుతాయి దొరసానమ్మా. నేనూ ఆడనే కొన్నాను."